దొరబాబుకి పథకం వర్తించదు

దొరబాబుని ఫర్నిచర్ రిజిస్టర్లో ఎక్కించింది నేనే. తప్పు చేస్తున్నానని అప్పుడు అనిపించలేదు. నిబంధనల ప్రకారం చేసే పని తప్పెలా అవుతుందనుకున్నాను.

మాది కాలువ గట్ల పర్యవేక్షణ శాఖ, డివిజన్ ఆఫీసు. గోదావరి కాలువ గట్టు మీద పాత పెంకుల భవనం. నేను అక్కడ సీనియర్ అసిస్టెంటుని. నోటు రాస్తే నేనే రాయాలని పేరు కూడా ఉంది. తొమ్మిదేళ్ల క్రితం మా పాత ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు బదిలీ మీద వెళ్లిపోతూ తన పెంపుడు చిలకని ఆఫీసులో వదిలేశారు. కొత్త ఊళ్లో క్వార్టర్ చిన్నదట. మన జామచెట్ల మీద వాలే పచ్చ చిలక కాదది. ఆఫ్రికా జాతి. ఒళ్లంతా బూడిద రంగు, తోక మాత్రం ఎర్రగా ఉంటుంది.

ఆయన వెళ్లిన నెలకి ఆడిట్ వాళ్లొచ్చి ఈ పక్షి ఎవరిదని అడిగారు. ప్రభుత్వ భవనంలో ఏ వస్తువున్నా ఏదో ఒక రిజిస్టర్లో ఉండి తీరాలి. మాకున్నవి మూడు. సిబ్బంది రిజిస్టర్లో ఎక్కించాలంటే పుట్టిన తేదీ, విద్యార్హతలు కావాలి. స్టేషనరీ అంటే వాడిన కొద్దీ అయిపోయేది. ఇక మిగిలింది ఫర్నిచర్. "క్రమ సంఖ్య 212. చిలక, ఒకటి. బూడిద రంగు. స్థితి: బాగున్నది, మాట్లాడును" అని నా గుండ్రటి దస్తూరీతో రాశాను. దాని పైన 211 తిరుగుడు కుర్చీ, కింద 213 కూజా స్టాండు. వస్తువు మీద పెయింటుతో నంబరు వేయాలని కూడా రూలుంది. డబ్బా, బ్రష్షు పట్టుకుని వెళ్తే వరహాలమ్మ చీపురు అడ్డం పెట్టింది. దాంతో నంబరు పంజరానికి వేశాం.

వరహాలమ్మ మా అటెండరు. ఆఫీసు వెనకాలే అటెండర్ల క్వార్టర్లో ఉంటుంది. చిలకకి దొరబాబు అని పేరు పెట్టింది ఆవిడే. తొమ్మిదేళ్లుగా దాని తిండి, నీళ్లు, పంజరం కడగడం అన్నీ ఆవిడ చేతి మీదే జరిగాయి. ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్లు నలుగురు మారారుగానీ ఆ ఏర్పాటు మారలేదు.

దొరబాబు పంజరం మొదట్లో పెద్ద హాల్లో ఉండేది. పద్నాలుగు మంది గుమస్తాలు, వచ్చే పోయే రైతులు, పొద్దస్తమానం సందడి. అక్కడ విని విని రెండు ముక్కలు నేర్చుకుంది. ఒకటి "సారు మీటింగులో ఉన్నారు". రెండోది "రేపు రండి". ఈ రెంటితోనే మా ఆఫీసులో ఎవరైనా సర్వీసంతా నెట్టుకురావచ్చు.

కిందటి జూన్‌లో హాల్లోకి కంప్యూటర్లొచ్చాయి. పక్షి ఒంటి దుమ్ము కంప్యూటర్లకి పడదని పంజరాన్ని రికార్డు గదిలోకి మార్చారు. అక్కడ పాత ఫైళ్లు, బల్లులు తప్ప మరో ప్రాణి ఉండదు. ఆగస్టు వచ్చేసరికి దొరబాబు తన ఈకలు తానే కొరుక్కోవడం మొదలుపెట్టింది. మెడ కింద నుంచి పొట్ట దాకా బోడిగా, ఈకలు పీకిన కోడిలా తేలింది.

నాకు వెంటనే పద్నాలుగో నిబంధన గుర్తొచ్చింది. వరహాలమ్మని కూర్చోబెట్టి చదివి వినిపించాను. "పై తొడుగు సగమునకు మించి పోయిన ఆసనములు తదితర వస్తువులను నిరుపయోగములుగా ప్రకటించి వేలము వేయవలెను."

"అంటే ఏంటండీ?" అంది.

"కుర్చీకి రెగ్జిన్ ఎలాగో చిలకకి ఈకలు అలాగ. మార్చిలో స్టాకు తనిఖీ. అప్పటికి సగం కన్నా ఎక్కువ పోయుంటే వేలం."

"ఇరిగిపోయిన కుర్చీల్తో పాటు మా దొరబాబుని ఏలమేసేత్తారాండీ?"

"నియమం నేను రాయలేదు కదా వరహాలమ్మా."

"రిజిస్టర్లో రాసింది తవరేగా!"

కింది పెదవి కొరుక్కుంటూ నిబంధనల పుస్తకం మూసేశాను.

మర్నాడు ఆవిడే పంజరం మీద దుప్పటి కప్పి, ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లింది. నేను తోడు వెళ్లాను. అక్కడి డాక్టర్ షహనాజ్ గారు పొద్దున్నించీ గేదెల్ని చూసి చూసి ఉన్నారేమో, చిలకని చూడగానే మొహం విప్పారింది. రెక్కలు విప్పి చూశారు, చర్మం చూశారు, పురుగులేమైనా ఉన్నాయేమోనని భూతద్దం పెట్టి వెతికారు.

"జబ్బేం లేదండి. దీనికి తోచట్లేదు, అంతే" అన్నారు. "అడవిలో ఉంటే రోజులో చాలా భాగం తిండి వెతుక్కోవడంతోనే సరిపోతుంది. మీరేమో గిన్నెలో పోసి పెడుతున్నారు. పది నిమిషాల్లో తినేస్తుంది. మిగతా రోజంతా ఏం చెయ్యాలి పాపం? ఈకలు కొరుక్కుంటోంది."

"మరేం చెయ్యాలమ్మా?" అంది వరహాలమ్మ.

"తిండి దాచి పెట్టండి. కాగితంలో చుట్టండి, కొబ్బరి చిప్పలో పెట్టి పైన మొక్కజొన్న పొత్తు ఆకులు కుక్కండి. మొదట సులువుగా దొరికేలా, తర్వాత్తర్వాత కాస్త కష్టంగా. పిన్నులు, స్టేపుళ్లు మాత్రం ఉండకూడదు. కొరుక్కుంటున్నప్పుడు గోల చెయ్యకండి, తిట్టకండి."

వరహాలమ్మ ఆ సాయంత్రమే మొదలుపెట్టింది. తాటాకు బుట్టలు అల్లింది. కాగితపు పొట్లాల్లో పొద్దుతిరుగుడు గింజలు, క్యారెట్ ముక్కలు పెట్టి పంజరం నిండా వేలాడదీసింది. దొరబాబు రెండు రోజులు అనుమానంగా చూసింది. మూడో రోజు ఒక పొట్లం చింపింది. ఆ తర్వాత దానికి తీరిక లేదు. ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో కొబ్బరి చిప్పని తిప్పుతూ పొద్దుగూకేదాకా పనిలో ఉండేది. అక్టోబరుకి బోడి చర్మం మీద బూడిద రంగు నూగు కనిపించింది. వరహాలమ్మ ఆఫీసంతా మైసూర్‌పాకు పంచింది.

ఆ మైసూర్‌పాకు వల్లే కథ అడ్డం తిరిగింది. ఎందుకు పంచారని మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు పరాంకుశం గారు అడిగారు. ఆయన అప్పుడే రాజధానిలో అయిదు రోజుల యాజమాన్య శిక్షణ పొంది వచ్చారు. నేరుగా రికార్డు గదికి వచ్చి, కళ్లజోడు తీసి, దాని కాడ కొరుకుతూ పావుగంట సేపు దొరబాబుని చూశారు.

"ఇది పక్షి సమస్య కాదు, మానవ వనరుల సమస్య" అన్నారు చివరికి. "మన సిబ్బందికి కూడా అన్నీ గిన్నెలో పోసి పెడుతున్నాం. బల్ల మీదే ఫైలు, బల్ల మీదే టీ, బల్ల మీదే హాజరు పట్టీ. అన్వేషణ లేని జీవితం. అందుకే కొరుకుతున్నారు."

ఎవరేం కొరుకుతున్నారో వెంటనే సర్వే చేయించారు. నలభై ఒక్క మందిలో ముప్పై ముగ్గురు కొరుకుతున్నట్టు తేలింది. ఎక్కువమంది గోళ్లు, కొందరు పెన్ను మూతలు, ఇద్దరు మీసాలు, ఒక డ్రాఫ్ట్స్‌మన్ చొక్కా కాలరు. పరాంకుశం గారు కొరికే కళ్లజోడు కాడ రాయడానికి ఫారంలో గడి లేదు కాబట్టి వదిలేశాం.

సర్క్యులర్ ముసాయిదా నాకే అప్పజెప్పారు. మనసు పెట్టి రాశాను. పేరు అన్వేషణానంద పథకం. "హాజరు పట్టీ ప్రతి దినము వేరు వేరు స్థలములందు దాచబడును. కనుగొన్నవారే సంతకము చేయుటకు అర్హులు. టీ, ఫైళ్లు, రబ్బరు స్టాంపులు మొదలగునవి క్రమేపీ కఠినతరముగా దాచబడును." ఏడో క్లాజు నా సొంతం. "దాచిన వస్తువు జాడను ఎవ్వరికైనను, ఎట్టి పరిస్థితులలోనైనను తెలియజేయుట శిక్షార్హము." పరాంకుశం గారు దాని కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీసి, నా భుజం తట్టారు.

మొదటి రోజు హాజరు పట్టీ పదకొండూ నలభైకి దొరికింది. టైపిస్టు శేషరత్నం వాటర్ ఫిల్టర్ వెనక నుంచి దాన్ని పైకెత్తి చూపించగానే అందరూ చప్పట్లు కొట్టారు. రెండో వారం టీ ఫ్లాస్కు బీరువా మీదకెక్కింది. మూడో వారం భోజనం క్యారేజీలు దాచినప్పుడు మాత్రం యూనియన్ వాళ్లు వినతిపత్రం ఇచ్చారు. దాన్నీ దాచాం. వాళ్లు నెలల తరబడి వెతుకుతూనే ఉన్నారు.

తర్వాత పథకాన్ని ప్రజలకి విస్తరించారు. తాతబ్బాయి అనే రైతు తన పొలం తూము అనుమతి కోసం వస్తే, "మీ కాగితం ఈ హాల్లోనే ఒక పేపరు కప్పులో ఉంది, వెతుక్కోండి" అని చెప్పాం. హాల్లో మూడొందల కప్పులు బోర్లించి ఉన్నాయి. ఆయన తువ్వాలు నడుముకి చుట్టుకుని రెండు గంటలు వెతికాడు. దొరికింది.

"ఇబ్బంది పడ్డారా?" అని పరాంకుశం గారు స్వయంగా అడిగారు.

"అబ్బే, శానా మేలండి బాబూ!" అన్నాడు తాతబ్బాయి. "నాలుగేళ్ల నుంచి తిరుగుతున్నానండి. ఇదివరకు కాయితం ఎక్కడుందో తవరికే తెలిసేది కాదు. ఇప్పుడు ఈ గదిలోనే ఉందని కచ్చితంగా సెప్పారు కదండీ. ఆయ్."

ఈ మాటల్ని లబ్ధిదారుని హర్షామోదం అనే శీర్షిక కింద పై ఆఫీసుకి పంపాం. చీఫ్ ఇంజనీరు గారి నుంచి అభినందన లేఖ వచ్చింది. జనవరి నుంచి ఇరవై రెండు డివిజన్లలోనూ అమలు చేయాలని ఉత్తర్వు కూడా వచ్చింది. పొరుగు డివిజన్ వాళ్లు మా దగ్గర శిక్షణకొస్తే, ఆఫీసు బోర్డు తీసేసి దాచాం. గట్టు మీద అటూ ఇటూ రెండు రోజులు తిరిగి కనుక్కున్నారు. చాలా నేర్చుకున్నామని రాసిచ్చి వెళ్లారు.

ఫిబ్రవరి మొదట్లో పై ఆఫీసు నుంచి ఒక వివరణ వచ్చింది. పథకం సామగ్రి, అనగా తాటాకు బుట్టలు, కొబ్బరి చిప్పలు, పొట్లాలు, అర్హులు కానివారి వినియోగంలో ఉన్నట్టు తమ దృష్టికి వచ్చిందట. "ఈ పథకము సిబ్బందికి, ప్రజలకు మాత్రమే ఉద్దేశింపబడినది. ఫర్నిచరుకు వర్తించదు. ఫర్నిచరుకు ఆనందము కల్పించుటకు నిబంధనలయందు అవకాశము లేదు."

నేను ఆ కాగితం పట్టుకుని పరాంకుశం గారి గదికి పరిగెత్తాను. "సార్, అసలు పథకం పుట్టిందే ఆ పక్షి వల్ల కదండీ."

"నిస్సందేహంగా" అన్నారాయన. "అందుకు శాఖ సదా కృతజ్ఞతతో ఉంటుంది. వార్షిక నివేదిక అట్ట మీద ఫొటో వేద్దాం. సామగ్రి మాత్రం స్వాధీనం చేసుకోండి."

చేసుకున్నాను. పంజరంలోంచి బుట్టలు, చిప్పలు ఒక్కొక్కటే తీసి గోనెసంచిలో వేస్తుంటే వరహాలమ్మ సంచి మూతి విప్పి పట్టుకుంది. తిట్టినా బాగుండేదనిపించింది. సంచిని పథకం వాడకం కోసం శేషరత్నానికి అప్పగించాను. మర్నాడు డ్రాఫ్ట్స్‌మన్ గారి సెట్‌స్క్వేరు ఆ కొబ్బరి చిప్పలోనే దొరికింది.

దొరబాబు మళ్లీ గిన్నెలో తినడం మొదలుపెట్టింది. పది నిమిషాల్లో తిని, చిప్పలు వేలాడిన చోటు వైపు చూస్తూ కూర్చునేది. మూడు వారాలకి పొట్ట మళ్లీ బోడి అయింది. ఈసారి రెక్కల కింద కూడా. పంజరం కింద ముక్కలు చేసిన ఈకలు చూస్తే నాకు అన్నం సయించలేదు. ఇంట్లో మా ఆవిడ ఏమైందని అడిగితే, ఫర్నిచర్ సరిగా లేదని చెప్పాను.

స్టాకు తనిఖీకి పై ఆఫీసు నుంచి కైలాసనాథం గారు వస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. ఊడిన మేకు కూడా ఆయన కంటపడకుండా పోదని ప్రతీతి. ముందస్తుగా వేలం జాబితా నేనే తయారుచేశాను. ఆరో లాటు: సీటు చిరిగిన కుర్చీలు పంతొమ్మిది, కాలు విరిగిన బల్ల ఒకటి, చిలక ఒకటి. ఒక పాత ఇనప సామాన్ల వ్యాపారి సరుకు చూసుకోవడానికి వచ్చాడు. పంజరాన్ని రెండు చేతుల్తో ఎత్తి బరువు చూశాడు. లోపల దొరబాబు కమ్మీని పట్టుకుని అటూ ఇటూ ఊగిపోయింది.

"ఇనం బాగుందండీ" అన్నాడతను. "పిట్ట సంగతంటారా, రెండ్రోజుల్లో అదే పోద్ది లెండి."

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఆఫీసులో కోపం రావడం అదే మొదటిసారి. కోపం వస్తే ఏం చెయ్యాలో తెలియదు కాబట్టి, నాకు తెలిసిన పని చేశాను. వెళ్లి కూర్చుని నోటు రాశాను.

"తనిఖీ అధికారి గారు కూడా శాఖ సిబ్బందియే. వారికి వస్తువులను వరుసగా నిలబెట్టి చూపుట పథకము స్ఫూర్తికి విరుద్ధము. కావున క్రమ సంఖ్య 200 నుండి 220 వరకు గల వస్తువులను దాచి, వారికి కూడా అన్వేషణానందము కల్పించుటకు అనుమతి కోరడమైనది."

పరాంకుశం గారు చదివి, కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకున్నారు. "పథకాన్ని ఇంత లోతుగా అర్థం చేసుకున్నది మీరొక్కరేనయ్యా" అని సంతకం చేశారు.

కాగితం వరహాలమ్మకి చూపించాను. ఆవిడకి చదువు రాదు. "ఏం రాశారండీ?" అంది.

"212ని ఎక్కడైనా దాచమని ఉత్తర్వు. ఎక్కడ దాచావో నాక్కూడా చెప్పకు. చెప్తే శిక్షార్హం."

ఆవిడ నా మొహంలోకి చూసింది. తర్వాత వెళ్లి దుప్పటి తెచ్చింది.

కైలాసనాథం గారు సోమవారం వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉంటారు. మీసం ఎడమ వైపు కొస కుడి వైపు దానికన్నా అంగుళం చిన్నది, కొరికి కొరికి. రిజిస్టర్ తెరిచి వేలితో గీత వెంట జరుపుతూ 212 దగ్గర ఆగారు.

"ఇదెక్కడుంది?"

"చెప్పకూడదండి. ఏడో క్లాజు."

ఆయన సర్క్యులర్ తెప్పించుకుని ఆసాంతం చదివారు. లేచి కోటు విప్పి కుర్చీకి తగిలించారు. మధ్యాహ్నానికి 211 తిరుగుడు కుర్చీని డాబా మీద పట్టుకున్నారు. కూజా స్టాండు బాత్రూంలో దొరికింది. వాటితో పాటు ఎప్పుడో పోయిన ఆఫీసు సీలు, ఆచూకీ లేకుండా పోయాయనుకున్న రెండు గట్టు కొలతల పుస్తకాలు, యూనియన్ వాళ్ల వినతిపత్రం కూడా దొరికాయి. మోచేతుల దాకా దుమ్ము, జుట్టులో సాలెగూడు, మొహంలో పెళ్లికొడుకు కళ. సాయంత్రానికి మీసం సంగతే మర్చిపోయారు. రెండు రోజులనుకున్న తనిఖీని పొడిగించమని ఆయనే పై ఆఫీసుకి రాసుకున్నారు.

నాలుగో రోజు అటెండర్ల క్వార్టర్ల వైపు నడిచారు. నేను వెనకాలే ఉన్నాను. వరహాలమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతూ కూర్చుని ఉంది. ఆవిడ చేతులు ఆగిపోయాయి. లోపల తలుపు దగ్గరగా వేసి ఉంది. కైలాసనాథం గారు ఆ తలుపు మీద వేలితో కొట్టారు.

లోపల్నించి గంభీరమైన గొంతు వినిపించింది. "సారు మీటింగులో ఉన్నారు."

కైలాసనాథం గారు చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నారు. చొక్కా పై బొత్తాం పెట్టుకున్నారు. "ఎంతసేపు పట్టొచ్చండీ?" అని వినయంగా అడిగారు.

"రేపు రండి."

"అలాగేనండి" అని ఆయన వెనుదిరిగారు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసున్న మనిషి ఆ మాట కాదని తలుపు తొయ్యలేడు. ఆ పక్షికి ఆ మాటలు తప్ప వేరే రావని నాకు తెలుసు, అయినా నేను కూడా చేతులు కట్టుకునే నిలబడ్డానని తర్వాత గమనించాను. వరహాలమ్మ పమిట నోట్లో కుక్కుకుని బియ్యం చేట మీదకి వంగిపోయింది.

తనిఖీ నివేదిక అచ్చు తప్పు లేకుండా ఉంది. "క్రమ సంఖ్య 212 కార్యాలయ ఆవరణయందే ఉన్నదనుటకు బలమైన ఆధారము, అనగా ఎర్ర ఈక ఒకటి, లభించినది. వస్తువు దొరకు వరకు దానిని నిరుపయోగమని ప్రకటించుటకు గాని, వేలము వేయుటకు గాని వీలుపడదు. అన్వేషణ కొనసాగించవలెను." దీనికోసం అయిదుగురు సభ్యులతో శాశ్వత సంఘం వేశారు. కైలాసనాథం గారు పట్టుబట్టి అధ్యక్షులయ్యారు. నేను సభ్య కార్యదర్శిని. నెలకోసారి సమావేశం, ప్రతిసారీ తొమ్మిది పేజీల మినిట్స్. అవీ నేనే రాస్తాను.

రోజూ ఆఫీసయ్యాక వరహాలమ్మ ఇంటికి వెళ్తాను. అధికారికంగా కాదు, టీకి. దొరబాబు పొట్ట మీద మళ్లీ ఈకలొస్తున్నాయి. ఒకటి రెండు చోట్ల ఇక రాకపోవచ్చని డాక్టర్ గారు చెప్పారు. వరహాలమ్మ కొత్త బుట్టలు అల్లింది. పొట్లాలకి కాగితం నేను తెస్తాను. మినిట్స్ రఫ్ ప్రతులు పెన్సిల్‌తోనే రాస్తాను కాబట్టి అవే పనికొస్తాయి. పిన్నులు తీసేసి, ఒక్కో పేజీలో రెండు గింజలు పెట్టి మడుస్తాను. వాడు ఒంటికాలి మీద నిలబడి, తల ఒక పక్కకి వంచి, ఒక్కో మడతా విప్పుతుంటే చూస్తూ కూర్చుంటాను. ఒక్కోసారి కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి.

ఇన్నేళ్లలో నేను రాసిన కాగితాల్ని, అందులో తమకోసం ఏదో ఉంటుందని నమ్మి విప్పినవాళ్లు వేలమంది ఉంటారు. నిజంగా ఉన్నది మాత్రం వాడికే దొరుకుతోంది.